నీలం కాగితాల గది

తెల్ల లేసుకి ఎండ తగిలితే పసుపెక్కుతుందని, అల్లిన ముక్కల్ని నీలం కాగితంలో చుట్టి దాచడం నరసాపురంలో వీరమ్మకి ముప్పయ్యేళ్ల అలవాటు. కూతురు ఆశాజ్యోతికి లూపస్ అనే జబ్బని, ఎండ పడదని తెలిసిన రోజున మైదాపిండి ఉడకబెట్టి ఆ కాగితాలే గది కిటికీలకి అంటించేసింది. రెండేళ్లయింది.

"పిల్లని కూడా లేసులాగా బేలు కట్టి ఓడెక్కించేస్తావేంటి వదినా?" అంది పక్కింటి అచ్చాయమ్మ, అరుగు మీద లేసు అల్లుకుంటూ.

వీరమ్మకి నవ్వు రాలేదు. గదిలో పిల్లకి బయటి ఎండ తెలుస్తోంది. కళ్లు మూసుకునే, "ఇప్పుడు నూతిగట్టు మీదుందమ్మా" అనేది. వీరమ్మ వెళ్లి చూస్తే అక్కడే ఉండేది. "వంటింటి గోడెక్కింది." ఎక్కేది.

"ఎలా తెలుస్తుందే?"

"కీళ్లలో. అదెటు జరిగితే నొప్పి అటు జరుగుతుంది."

ఈమధ్య ముసురు పట్టిన రోజుల్లో కూడా చెబుతోంది. ఎండ ఇంటిచుట్టూ తిరుగుతోందట.

జ్వరం తగ్గక, వేళ్లు వాచి పిల్ల లేసుసూది పట్టలేకపోతుంటే రాజమండ్రి తీసుకెళ్లింది. డాక్టరమ్మ రిపోర్టు చూసింది.

"డి విటమిన్ ఏడే ఉంది. ముప్పై ఉండాలి. జబ్బు కూడా పెరిగింది."

"నేను కిటికీలు మూసి చీకటిగదిలో పెట్టబట్టేనాండి?"

"అంత మాట అనలేనమ్మా. ఈ జబ్బులో డి తక్కువున్నవాళ్లకి జబ్బు జోరు ఎక్కువగా కనిపిస్తుంటుంది. ఏది ముందో తేలలేదు. ఎండలో కూర్చోబెట్టొద్దు. వారానికో డి విటమిన్ పొట్లం పాలల్లో కలిపివ్వండి, బిళ్లలు మానొద్దు. కానీ మనిషిని అలా మూసిపెడితే ఆ గదిలోనే అయిపోతుంది. పొద్దుగూకాక కిటికీలు తెరవండి."

మర్నాడు పొద్దుగూకాక వీరమ్మ తడిగుడ్డతో కాగితాలు నానబెట్టి ఊడబెరకసాగింది.

"వద్దమ్మా. బయటే ఉంది."

"పొద్దెప్పుడో పోయింది. అచ్చాయమ్మ లైటు కూడా వేసేసింది."

"అందరికీ పోయింది. ఇక్కడ ఆగింది."

ఆఖరి కాగితం ఊడింది. బయట చీకటి. కాలవ మీంచి చల్లగాలి వచ్చింది. ఆశాజ్యోతి దుప్పటి ముఖం దాకా లాక్కుంది.

"లోపలికొచ్చేసింది."

వీరమ్మ లైటు వేసి దుప్పటి తీసి చూసింది. రెండు బుగ్గల మీదా ముక్కు మీదా ఎర్రటి దద్దు, చూస్తుండగానే చిక్కబడుతోంది. మడతపెట్టిన కొత్త కాగితాలు బీరువా మీద ఉన్నాయి. చెయ్యి అటు వెళ్లింది. ఆ గదిలోనే అయిపోతుందన్న మాట గుర్తొచ్చి ఆగింది.

పొట్లం చింపి పాలల్లో కలిపింది. పీట లాక్కుని, కిటికీకి వీపు పెట్టి, మంచానికి అడ్డంగా కూర్చుంది.

"తాగు."

"నీ వెనకే ఉందమ్మా."

"ఉండనీ. నువ్వు తాగు."

పిల్ల గ్లాసు అందుకుంది. ఒక్కో గుక్కే దిగుతోంది. రోహిణికార్తె మిట్టమధ్యాహ్నం పొలంలో వంగినట్టు వీరమ్మ వీపు మీద రవిక కాలిపోతోంది. ఆమె వెనక్కి తిరగలేదు.