పెద్దక్క తూకం

పొద్దున్నే లాండ్రీ తలుపు తీయగానే చిన్నకోడలు చేసే మొదటి పని తూకం మిషన్ తుడవడం. హోటళ్ల నుంచీ ఆసుపత్రి నుంచీ వచ్చిన దుప్పట్ల మూటలు దానిమీద పెట్టి, చీటీ రాసి, నానబెట్టే తొట్ల వైపు తోస్తుంది. ఈలోగా ఆమె తోడికోడలు, అంటే ఆ ఇంటి పెద్దకోడలు, వస్తుంది. ఆమె వస్తున్న సంగతి ముందు నేలకి తెలుస్తుంది. గుమ్మం దగ్గర పగిలిన పలకలు ఇప్పటికి మూడుసార్లు మార్చారు.

చూడటానికి పెద్దకోడలు పుల్లలా ఉంటుంది, గట్టిగా గాలొస్తే చెయ్యి పట్టుకోవాలేమో అన్నట్టు. తూకం మాత్రం నూట ఎనభై ఆరు కిలోలు. బస్సెక్కితే కండక్టర్ "పెద్దక్కా, మీరు మధ్యలో కూర్చోండి" అని ఎవరో ఒకర్ని లేపుతాడు, బండి ఓ పక్కకి ఒరగకుండా. లాండ్రీలో ఆమెకోసం ఇనప కుర్చీ వేశారు. ఇదేం చోద్యమని ఎవరూ అడగరు. కారణం ఊరందరికీ తెలిసిందే.

చర్చిలో ఒకరితో ఒకరు "నాకోసం భారంగా ప్రార్థన చెయ్యండి" అనుకోవడం మామూలే, మనసుపెట్టి చెయ్యమని. అడిగినవాళ్లూ మర్చిపోతారు, సరేనన్నవాళ్లూ మర్చిపోతారు. పెద్దకోడలు ఒక్కతే ఆ మాటని ఉన్నదున్నట్టు పట్టుకుంది. ఎవరైనా వచ్చి ఏడిస్తే, చేస్తున్న పని ఆపి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని, వాళ్ల చేతులు పట్టుకుని కళ్లు మూసుకుంటుంది. "ఇటివ్వమ్మా" అంటుంది, అంతే. వచ్చినవాళ్లు తేలికై వెళ్లిపోతారు. ఆమె ఓ కిలోనో రెండు కిలోలో పెరుగుతుంది.

చిన్నకోడలికి ఒళ్లు మండేది అక్కడే. ఉన్నమాట చెప్పుకుందాం, కుళ్లు. అచ్చమైన కుళ్లు. పద్నాలుగేళ్లుగా ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే లాండ్రీ, ఒకే చాకిరీ. సోడా నీళ్లలో ఇద్దరి చేతులూ ఒక్కలాగే పగిలాయి. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలుకి సాక్ష్యాలు చెప్పే వేళకి మాత్రం ఒక్క మాటే వినిపిస్తుంది, "దేవుడు పెద్దక్కని పంపించాడు" అని. చిన్నకోడల్ని ఎవరికైనా చూపించాలంటే "అదిగో, పెద్దక్క తోడికోడలు" అంటారు. తనకంటూ ఓ పిలుపు కూడా లేకపోయె! ఒక్కసారి, ఒక్కరంటే ఒక్కరు తన దగ్గరికొచ్చి ఆ భారం మాట అడిగితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేది.

ఓరోజు పెద్దకోడలు ఆసుపత్రికి దుప్పట్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు వీధి చివరి టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"పెద్దక్క లేరా?"

"అక్క లేకపోతే ఏం, నేను లేనూ? చెప్పండి," అని చిన్నకోడలు గబుక్కున ఆమె చేతులు పట్టేసుకుంది. ఒక కన్ను మూసుకుంది. రెండో కన్ను గుమ్మం వైపే ఉంది, వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని. "ఇటివ్వండి!" అంది కాస్త గట్టిగానే.

టీచరమ్మ వెళ్లగానే పరుగున వెళ్లి మిషనెక్కింది. యాభై నాలుగు. నిన్నా అదే. తలెత్తి చూస్తే టీచరమ్మ ఇంకా బయట మెట్టు మీదే కూర్చుని పెద్దక్క కోసం చూస్తోంది. ఆ రోజు చిన్నకోడలు అన్నం కూడా తినలేదు.

"మీ వదినకి పేరంటే పిచ్చి," అంది మొగుడితో.

"పేరుకోసమైతే చర్చిలో ఓ పాట పాడొచ్చుగా. మోకాళ్లు అరగ్గొట్టుకోవడం దేనికి?" అన్నాడతను.

మోకాళ్లే కాదు, గుండె కూడా అరిగింది. డాక్టరు పరీక్ష చేసి, ఇంకో నాలుగు కిలోలు పెరిగితే గుండె ఆగిపోతుందని చెప్పేశాడు. "ఇక ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకండి" అన్నాడు. "అలాగేనండి" అంది పెద్దకోడలు బుద్ధిగా. బయటికొస్తూ నర్సు కళ్లు ఎర్రగా ఉండటం చూసి అక్కడే రెండు కిలోలు పెరిగింది.

గురువారం మధ్యాహ్నం దుప్పట్లు మడతపెడుతూ పెద్దకోడలు ఇనప కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయింది. పెదాలు నల్లబడ్డాయి. సరిగ్గా అప్పుడే పక్క గోడౌన్ వాచ్‌మన్ గుమ్మంలోకొచ్చి, టోపీ చేత్తో నలుపుకుంటూ నిలబడ్డాడు. ఆయన మొహం చూస్తే చాలు, ఎందుకొచ్చాడో తెలిసిపోతోంది. పెద్దకోడలు చెయ్యి చాచింది.

"ఇటివ్వన్నా..."

చిన్నకోడలు ఇస్త్రీపెట్టె దించేసి మధ్యలోకి దూకింది.

"అన్నీ నీకేనా? ఎప్పుడూ నీకేనా?" అని అరిచింది. "ఈయనదీ నీకే, డాక్టరు దగ్గర నర్సుదీ నీకే! చచ్చిపోయి అది కూడా గొప్పే అనిపించుకుంటావా? నాకంటూ ఒక్కటైనా మిగిల్చావా? ఇటివ్వు!"

అక్క చేతులు రెండూ లాక్కుని గట్టిగా పట్టుకుంది. ఆ మాట ప్రేమతో అన్నదని నేను చెప్పను. కుళ్లుతోనే అంది. కానీ ఈసారి గుమ్మం వైపు చూడటం మర్చిపోయింది.

వచ్చేసింది. ఒక్కొక్కటే ఆమె భుజాల మీదికి ఎక్కింది. నర్సు ఉద్యోగ భయం. టీచరమ్మ తాగుబోతు కొడుకు. ముట్టుకోగానే ఏది ఎవరిదో తెలిసిపోతోంది. మోకాళ్లు వంగాయి. వీటన్నిటి అడుగు నుంచి ఇంకొకటి కదిలింది. అది ఎవరిదో పట్టుకోకముందే తెలిసింది.

పదకొండేళ్ల కిందట చిన్నకోడలికి కొడుకు పుట్టి తొమ్మిది రోజులు బతికాడు. పన్నెండో రోజున ఆమె లాండ్రీకొచ్చి దుప్పట్లు ఇస్త్రీ చేసింది. గుండె రాయి చేసుకుందమ్మా అని అందరూ మెచ్చుకున్నారు. తనూ అలాగే అనుకుంది, లోపల కాస్త గర్వపడింది కూడా. ఆ రోజుల్లో మందులిచ్చి పడుకోబెడితే తన మంచం పక్కన కూర్చుని, చేతులు పట్టుకుని కదలకుండా ఉన్నదెవరో ఆమెకిప్పుడు గుర్తొచ్చింది.

"అక్కా," అంది. "ఇది... ఇది నాదే."

"నువ్వు అడగలేదు. నేనే తీసుకున్నాను," అంది పెద్దకోడలు, తప్పు దొరికిపోయినట్టు.

"ఎంతుంటుంది?"

"నలభై ఒక్క కిలోలు."

"ఎప్పటినుంచీ మోస్తున్నావు ఇలా అందరివీ?"

"అదే మొదటిది. దాని తర్వాత మిగతావి మొయ్యడం పెద్ద కష్టమనిపించలేదు."

ఇన్నేళ్ల కుళ్లు ఎక్కడ పెట్టుకోవాలో చిన్నకోడలికి తెలియలేదు. పెద్దకోడలు మెల్లగా చెయ్యి చాచింది.

"అదొక్కటీ నాకిచ్చెయ్యవే. నాకలవాటైపోయింది. నువ్వు తట్టుకోలేవు."

చిన్నకోడలు రెండు చేతులూ గుండెకి అడ్డం పెట్టుకుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

"ఇవ్వను," అంది. "వాడు నా బిడ్డక్కా."

అప్పుడు ఏడ్చింది. కరువుతీరా, పేరు కూడా పెట్టని ఆ తొమ్మిది రోజుల పసివాడి కోసం మొదటిసారి ఏడ్చింది. పెద్దకోడలు ఎవరి సాయమూ లేకుండా కుర్చీలోంచి లేచి, తోడికోడల్ని పట్టుకుని అందులో కూర్చోబెట్టింది.