ట్రేకి వేరే లైను

హరిత మెడలో కస్టమ్స్ కార్డు పడి ఐదు నెలలైంది. మామిడి తోటల్లో కాయలు కోసే వీరయ్య కూతురు పరీక్ష రాసి, ఎగుమతి కాగితాల మీద సంతకం పెట్టే హక్కు సంపాదించిందంటే విస్సన్నపేటలో కొందరికి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. ఆ కార్డు ఇప్పుడు పోయేలా ఉంది. పోయేది ఎవరి వల్లో కాదు, తన వల్లే.

నూజివీడులో ఆమెకు పనిచ్చిన కస్టమ్స్ ఏజెంటు బసవపున్నారావు ముప్ఫై ఏళ్లుగా మామిడి గుజ్జు ఎగుమతికి కాగితాలు రాస్తున్నవాడు. ఆయన పాత ఖాతాదారు ఒకాయన బీహారు సరిహద్దులో సోలార్ యార్డు పెట్టాడు. కరెంటును పెద్ద పెద్ద బ్యాటరీల్లో నింపి, లారీలో నేపాల్ కొండల్లోని కోల్డ్ స్టోరేజీకి పంపుతాడు. వాళ్లు కరెంటు వాడుకుని ఖాళీ బ్యాటరీలు వెనక్కి పంపేస్తారు. కస్టమ్స్ పట్టికలో కరెంటుకూ ఒక నంబరుంది. బొగ్గు, పెట్రోలు ఉన్న అధ్యాయంలోనే, 2716. హరిత ఆ నంబరు వేసింది, యూనిట్లు వేసింది, మురిసిపోయింది. బ్యాటరీల ఊసే ఎత్తలేదు.

ఎందుకెత్తుతుంది? ఈ చుట్టుపక్కల కాయలు పోసే ట్రే ఊసు ఎవరెత్తారు గనక! కాయ తూచేటప్పుడు ట్రే బరువు తీసేస్తారు. కాయ అమ్ముడుపోతుంది, ట్రే తోటకి తిరిగొస్తుంది. బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె చూసింది అదే. కస్టమ్స్ సూత్రం అలా లేదు. మళ్లీ మళ్లీ వాడే డబ్బాను సరుకుతో కలపకూడదు, కాగితంలో దాని లైను దానికే ఉండాలి. కాగితంలో లేని బ్యాటరీలు దొంగసరుకు కిందే లెక్కని సరిహద్దులో లారీ ఆపేశారు. డ్రైవరు మార్టిన్‌ని రెండు రోజులుగా కదలనివ్వడం లేదు.

"ఇందులో కంగారేం లేదమ్మా," అన్నాడు బసవపున్నారావు. "బ్యాటరీల కాగితం విడిగా ఇచ్చాం, డ్రైవరు దారిలో పారేసుకున్నాడని కస్టమ్స్‌కి రాసెయ్. నీ కార్డు నీకుంటుంది, నా లైసెన్సు నాకుంటుంది."

"అసలా కాగితమే లేదు కదండీ."

"అది నీకూ నాకూనే కదా తెలుసు."

హరితకు ఒళ్లు మండిపోయింది. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ఒక తోటలో నలభై ట్రేలు కనబడలేదు. ఎన్ని వచ్చాయో, ఎన్ని వెళ్లాయో ఎవరూ రాసుకోలేదు. అయినా నింద అక్కడ పనిచేసే అమ్మ అచ్చమ్మ మీద పడింది. మేస్త్రీ అందరి ముందూ ఆమె చేత అన్నం మూట విప్పించి చూశాడు. అన్నం మూటలో నలభై ట్రేలు ఎలా పడతాయని అడిగిన మనిషి లేడు.

"మార్టిన్ మీద రాయనండీ," అంది. "తప్పు నాది."

"పిచ్చా నీకు? ఒప్పుకుంటే కార్డు ఆపేస్తారు. మళ్లీ ఎప్పుడిస్తారో దేవుడికే తెలియాలి."

"ఆపనివ్వండి."

"అలాంటి కాగితం నా ఆఫీసులోంచి పంపడానికి వీల్లేదు!"

"సంతకం నాదండీ. సరిదిద్దే పనీ నాదే."

ఆమె కాగితం ముందుకు లాక్కుంది. కరెంటుకు ఒక లైను రాసింది. దాని కింద బ్యాటరీలకు పట్టికలోని నంబరు 8507 వేసి, ఎన్ని ఉన్నాయో, తిరిగి వస్తాయన్న సంగతీ రాసింది. డ్రైవరుకు ఏ కాగితమూ ఇవ్వలేదని, పొరపాటు పూర్తిగా తనదేనని చేర్చి పంపేసింది.

మర్నాడు నాలుగింటికి మార్టిన్ ఫోన్ చేశాడు. "బండి వదిలారు మేడమ్. గేటు దాటేశా." ఆ గొంతులో సంతోషం విని హరితకు ఏడుపొచ్చినంత పనైంది. గంట తర్వాత కస్టమ్స్ నుంచి ఉత్తరం వచ్చింది. కార్డు ఆరు నెలలు నిలిపేశారు.

ఆమె మెడలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. బసవపున్నారావు మొహం అటు తిప్పుకుని, "ఇక ఇంటికెళ్లమ్మా," అన్నాడు.

"ఎల్లుండి రెండో లారీ ఉందండీ. కాగితం నేను రాస్తాను. సంతకం మీరు పెట్టాలి." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "చదివి మరీ పెట్టండి. తేడా వస్తే ఈసారి మీ పేరే ఉంటుంది."

ఆమె రాయడం ముగించాక బసవపున్నారావు కాగితం అందుకున్నాడు. కళ్లజోడు తుడిచి పెట్టుకుని, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు.