ఐదున్నర దాకా నిన్నే

కల్లూరులో మా ఇంటికి ఎదురుగా దావూద్ లారీ బుకింగ్ ఆఫీసు ఉంది. కింద ఆఫీసు, పైన ఇల్లు. ఆఫీసులో ఒక కంప్యూటరు. పగలంతా అది దావూద్‌ది. ఏ లారీ రాజంపేటకు పోయింది, ఏ లారీ డోన్ దగ్గర టైరు పగిలి కూర్చుంది అన్నవన్నీ దాంట్లో పెట్టుకుంటాడు. తెల్లవారుజామున మాత్రం అది అతని కూతురు మెహనాజ్‌ది. నమాజు చేసుకుని నాలుగూ ముప్పావుకు కిందికి దిగి, ఆరింటికి తండ్రి వచ్చేదాకా దాని ముందు కూర్చుంటుంది. ఆ వేళలో ఇంటర్నెట్టుకు బిల్లు పడదు.

నాకూ నాలుగింటికే మెలకువ వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు వేరుశనగ నూనె మిల్లులో సైరను కూత వేసే పని చేసినవాణ్ణి. మిల్లు మూతపడి పన్నెండేళ్లయింది గానీ, ఒళ్లు ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆ వేళకు మా ఆవిడ ఉరుకుందమ్మ నిద్రలో ఉంటుంది కాబట్టి నా మాట వినదు. లేచాక కూడా వినదు, అది వేరే సంగతి. అందుకని నేను చెంబుతో నీళ్లు పట్టుకుని వెళ్లి దావూద్ ఆఫీసు మెట్టు మీద కూర్చునేవాణ్ణి.

రెండువేల ఎనిమిది, మే నెల. ఎండలకు మా వీధిలో కాకులు నడిచే తిరిగేవి.

"ఏం చేస్తాండావు పాపా?" అని అడిగాను ఒకనాడు.

"టెస్టులు నడుపుతాండా తాతా."

"పాసయినావా?"

"నేను కాదు, నేను రాసింది పాస్ కావాల."

ఆ పిల్ల చెప్పినదాన్ని నాకు అర్థమైనంతలో చెబుతాను. లెక్కలు ఇస్తే గ్రాఫులు గీసిపెట్టే సరంజామా ఒకటి ఉంది. దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. దేశదేశాల వాళ్లు తలా ఒక ముక్క రాసి పెట్టారు. మన చలివేంద్రం లాంటిదన్నమాట. ఎవరు తాగినా అడిగేవాళ్లు లేరు, కుండ ఖాళీ అయితే ఎవరో ఒకరు నింపుతారు. అందులో మెహనాజ్ రాసింది గ్రాఫు కింద తేదీలు వేసే ముక్క. 'ఈ రోజు నుంచి వారం' అంటే చాలు, ఆ ఏడు తేదీలూ అదే వేసుకోవాలి.

సరిగా వేసిందా లేదా అని చూడటానికి పరీక్షలు ఉంటాయి. ఒకసారి 'ఈ రోజు' అని చెప్పి బొమ్మ గీయిస్తారు. ఇంకోసారి తేదీలు తామే అందించి గీయిస్తారు. రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చుక్క చుక్కా పోల్చుతారు. ఒక్క చుక్క తేడా వచ్చినా ఫెయిలు.

"మా కాలంలో పెండ్లిచూపులు కూడా ఇంత గట్టిగా లేవు," అన్నాను.

"నవ్వద్దు తాతా. ఈ శుక్రవారం లోపల పాస్ కాకపోతే నా ముక్క తీసేస్తారు."

"తీసేస్తే ఏమైతాది?"

"ఆస్పత్రి కొనుక్కోవాల."

ఆ పిల్ల ఎమ్సీయే ఆఖరి ఏడాది. చివర్లో ప్రాజెక్టు అని ఒకటి చేసి చూపించాలట. క్లాసులో నలభై మంది ఉంటే ముప్పై ఎనిమిది మంది హైదరాబాదు పోయి, ఆసుపత్రి నడిపే ప్రోగ్రాము తయారుగా ఉన్నది కొనుక్కొచ్చారు. ఆ ఏడాది కర్నూలులో ఉన్న ఆసుపత్రుల కంటే ఆ కాలేజీలో నడిచేవే ఎక్కువ. మెహనాజ్ మాత్రం తన చేత్తో రాసిందే చూపిస్తానని పట్టుబట్టింది. వాళ్ల సారు విని, "ఆ తెల్లోళ్లు నీది విడుదల్లో పెడితే అదే నీ ప్రాజెక్టు. పెట్టకపోతే శనివారం అందరిలాగా ఆస్పత్రి పట్టుకొని రా," అన్నాడు. విడుదల అంటే ఆ సరంజామా కొత్త ప్రతిని అందరికీ వదలడం. అది శుక్రవారం.

మొత్తం పరీక్షలు మూడువందల పన్నెండు. ఆ పాత కంప్యూటరు మీద ఒక విడత నడవడానికి గంటకు పైనే పడుతుంది. కూర్చోగానే మొదలుపెడితే తండ్రి వచ్చే వేళకు అవుతుంది. అంటే రోజుకు ఒకటే విడత. మూడు వారాలుగా రోజూ నాలుగు ఫెయిలు. ఆ నాలుగూ తేదీలవే, ఆ నాలుగూ ఈ ఆఫీసులోనే. కాలేజీ ల్యాబులో ఆమె క్లాసుమేటు ప్రదీప్‌కుమార్ మధ్యాహ్నం నడిపితే అన్నీ పాసు. విడుదల చూసుకునే పెద్దమనిషి నార్వే దేశంలో ఉంటాడు. ఆయన దగ్గరా పాసు. వాళ్లిద్దరివీ లినక్సు యంత్రాలు, దావూద్‌ది విండోసు. మూడు రకాల యంత్రాల మీదా పాస్ కావాలని రూలు. దాంతో ముగ్గురూ ఏకమై తప్పు విండోసు మీద వేశారు. లేని మనిషి మీద చాడీ చెప్పినట్టు, అది ఎదురు చెప్పదు కదా.

అక్షరాల ఫాంటు మార్చింది. పాస్ కాలేదు. ఫైళ్లలో వరసల చివర ఏదో కనపడని గుర్తు ఉంటుందట, దాన్ని తీసేసింది. పాస్ కాలేదు. ఆఖరికి విండోసునే తుడిచేసి మళ్లీ ఎక్కించింది. దాంతోపాటు దావూద్ లారీల లెక్కంతా తుడిచిపెట్టుకుపోయింది. మూడు రోజులు ఏ లారీ ఎక్కడుందో లారీకి తప్ప ఎవరికీ తెలియలేదు.

"నా లారీలు పాయ, నీ గీతలు రాకపాయ," అన్నాడు దావూద్. అంతకు మించి ఏమీ అనలేదు. కూతురంటే అతనికి భయమో ప్రేమో నాకు ఇప్పటికీ తేలలేదు.

మంగళవారం తెల్లవారుజామున మెహనాజ్ ఫెయిలైన బొమ్మల్ని నాకు చూపించింది. ఒక బొమ్మ కింద మొదటి తేదీ పన్నెండు. రెండోదాని కింద పదమూడు.

"నీ ముక్క వేసింది ఏది?"

"పన్నెండు. ఒక రోజు తక్కువ వేస్తాండాది. విండోసులో రోజుల లెక్క యాడనో కోత పడుతాండాది."

"కోత యాడిది? నీదే రైటు. ఈ రోజు పన్నెండే."

"తాతా, ఈ రోజు పదమూడు."

"పొద్దు పొడిచినాదా? పొడవలేదు. పొద్దు పొడిచేదాకా నిన్నటి దినమే. పంచాంగం చూడు. మా ఇంట్లో క్యాలెండరు కాగితం నేను సూర్యుణ్ణి చూసినంక గానీ చింపను."

"రాత్రి పన్నెండు దాటితే తేదీ మారినట్టే తాతా."

"ఎవరు చూసినారు మారేది? ఆ వేళకు అందరూ నిద్రపోతాంటారు."

ఆ పిల్ల నవ్వి, మళ్లీ తెర వైపు తిరిగింది.

బుధవారం కూర్చుని మొదలుపెట్టబోతుండగానే కరెంటు పోయింది. చీకట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడ్చే ముందు పిల్లలు అట్లా కూర్చుంటారు. రెండు రోజులే మిగిలాయి. నాకు చేతనైంది కథ చెప్పడం ఒకటే కాబట్టి చెప్పాను.

"పాపా, మిల్లులో ఒకనాడు గడియారం నన్ను మోసం చేసినాది. ఆరింటి కూత ఐదింటికే వేసినా. కూత విని కల్లూరంతా లేచినాది. బర్రెలు పాలిచ్చినాయి. కోళ్లు లేచి, కూయలేదే అని సిగ్గుపడి ఆ రోజంతా తల ఎత్తలేదు. బస్సు పోయినాది. రాజంపేట నుంచి వచ్చిన పెండ్లికొడుకు ముహూర్తం దాటిపోయినాదని పెండ్లిపందిట్లోకి పరుగెత్తి, ఇంకా గంట టైముందని తెలిసి, ఆలోచించుకోను టైము దొరికి వెనక్కి పోయినాడు."

"సూర్యుడో?"

"అదే చెప్తాండా. అందరూ లేచి పనుల్లో ఉండారని సూర్యునికి తెలిసినాది. పాపం, ముఖం కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చినాడు. ఆ రోజు తొమ్మిదింటి దాకా ఎర్రగానే ఉండాడు. మరుసటి దినం మహానంది నుంచి పంచాంగం రాసే అయ్యవారు వచ్చి, 'ఈరన్నా, వచ్చే ఏడు పొద్దు ఎన్నింటికి వేయమంటావు?' అని అడిగిపోయినాడు."

"ఏం చెప్పినావు?"

"మేనేజరును అడిగి చెప్తానన్నా."

కథ ఇంకా ఉంది గానీ ఐదూ ముప్పై అయిదుకు కరెంటు వచ్చింది. మెహనాజ్ మొదలుపెట్టింది. తేదీల పరీక్షలు వరసలో ముందే వస్తాయి. నాలుగూ పాసయ్యాయి.

నేను సంతోషపడబోయి ఆ పిల్ల ముఖం చూసి ఆగిపోయాను. అక్కడ సంతోషం లేదు.

"నేనేమీ మార్చలేదు తాతా."

"మంచిదే కదా. నా కథకు పాసయినాది."

"కాదు. ఎందుకు పోయిందో తెలీకపోతే మళ్లా వస్తాది. రేపు నేను పాసని రాసి పంపి, ఎల్లుండి ఫెయిలైతే అబద్ధమాడినట్టు."

"నిన్న చెప్తే వినకపోతివి. నిన్న నువ్వు నడిపినప్పుడు చీకటి. ఇప్పుడు చూడు, బయట తెలుపొచ్చినాది."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను పొరపాటున నిజం చెప్పినప్పుడు ఉరుకుందమ్మ చూసే చూపు అది.

"తాతా," అంది మెల్లగా, "నేను ఈడ ఎప్పుడూ చీకట్లోనే నడిపినా. ప్రదీప్ ఎప్పుడూ మధ్యాహ్నమే నడిపినాడు."

గురువారం మిగతా మూడువందల ఎనిమిదీ పక్కన పెట్టి ఆ నాలుగింటినే నడిపింది. అవి నిమిషంలో అయిపోతాయి. ఐదింటికి ఫెయిలు. ఐదుంబావుకు ఫెయిలు. ఐదూ ఇరవై తొమ్మిదికి ఫెయిలు. ఐదూ ముప్పై ఒకటికి పాసు.

నాకు కోపం వచ్చింది. "ఇది తప్పు. పంచాంగంలో పొద్దు పొడిచేది ఐదూ నలభై ఎనిమిదికి. పదిహేడు నిమిషాలు ముందే ఎట్ల తెల్లారుతాది?"

"పొద్దు కాదు తాతా. ఐదున్నరకు లండన్ దగ్గరి గ్రీనిచ్ టైములో అర్ధరాత్రి అయితాది. ఆ గడియారానికీ మనదానికీ ఐదున్నర గంటలు తేడా. నా ముక్క తేదీని ఆ గడియారం ప్రకారం అడిగినాది. టెస్టు మన గోడ గడియారం ప్రకారం అడిగినాది. ఐదున్నర దాకా దానికి నిన్న, మనకు ఈ రోజు. అందుకే ఒక రోజు తక్కువ. విండోసుకు దీంతో సంబంధమే లేదు."

"దొరలు పోయి అరవై ఏండ్లాయ. కల్లూరులో తేదీ మార్చను ఇంకా వాళ్లనే అడగాల్నా?"

"అడిగింది నేనే తాతా. నేనే అట్ల రాసినా."

ఒక్క వరస మార్చింది. మార్చింది సరేనా అని చూడాలంటే చీకటి కావాలి, బయట వెలుతురు వచ్చేసింది. అందుకని కంప్యూటరులో గడియారాన్ని వెనక్కి తిప్పి నాలుగు చేసింది. నాలుగూ పాసు. నార్వే ఆయనకు రాసి పంపి, కాలేజీకి పరుగెత్తింది. ఆ పరుగులో గడియారం మళ్లీ ముందుకు తిప్పడం మరిచింది. ఆ రోజు పొద్దున్నే కదిలిన దావూద్ లారీలన్నీ సూర్యోదయానికి ముందే బయలుదేరినట్టు నమోదయ్యాయి. యజమానులు అతని చురుకుదనాన్ని మెచ్చుకున్నారని విన్నాను.

సాయంత్రం వచ్చి మా అరుగు మీద కూలబడింది. నార్వే ఆయన జవాబు ఇచ్చాడట: నా దగ్గర మొదటి నుంచీ పాసే, నువ్వు బాగుచేసింది ఏమిటో నాకు కనపడటం లేదు, కనపడని రోగానికి ఆఖరి రోజున మందు వేయను.

"న్యాయమే కదా," అంది ఉరుకుందమ్మ లోపలి నుంచి. ఆవిడ ఎప్పుడూ ఆ పక్షమే.

"ఆయనకూ కనపడాలంటే?" అని అడిగాను.

"వాళ్లూ ఈ నెలలో ఆ గ్రీనిచ్ టైముకు రెండు గంటలు ముందుండారు. అర్ధరాత్రి దాటినంక రెండు గంటల లోపల ఆయన యంత్రం మీద పాతది నడిపితే ఆడ కూడా ఫెయిలు కావాల. అదే రాసినా. పన్నెండున్నర దాకా మేలుకొని చూడు సారూ అని."

"పొద్దు పొడిచేదాకా నిన్నే అని కూడా రాయి."

"రాయను తాతా. ఆయనుండేది శానా పైన. ఇంకో నాలుగు దినాలు పోతే రెండు నెలలు ఆడ పొద్దు కుంకదంట."

నా కథలు విని నమ్మనివాళ్లు నాకు తెలుసు గానీ, నన్ను మించిన అబద్ధం నిజమై ఉండటం అదే మొదటిసారి. "రెండు నెలలు కూత వేసేవాని గతేం పాపా?" అని అడిగాను.

శుక్రవారం నాలుగున్నరకే నేను మెట్టు మీద ఉన్నాను. మెహనాజ్ దిగింది. దావూద్ కూడా ఆమె వెనకే దిగాడు, లారీల పని ఉన్నట్టు. పని ఏమీ లేదు. కంప్యూటరు మేలుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అంతసేపూ దావూద్ ఒక ఖాళీ రసీదు పుస్తకాన్ని చదివాడు.

ఉత్తరం వచ్చి ఉంది. మెహనాజ్ చదివి మాకు తెలుగులో చెప్పింది. మూడే ముక్కలు. "పన్నెండున్నరకు నా దగ్గరా ఫెయిలైంది. నీది తీసుకున్నాను. నిద్రపోతున్నాను."

దావూద్ రసీదు పుస్తకం కింద పెట్టాడు. "అయితే ఆస్పత్రి వద్దు కదా?"

"వద్దు నాయనా."

"సరే. గడియారం సరిచేయి. నిన్న నా లారీలన్నీ నిద్రలోనే పోయినాయి."

మరునాడు కాలేజీలో సారు ఆ విడుదలనూ అందులో ఆమె పేరునూ చూసి, ముందు ఒప్పుకున్నాడు కాబట్టి ఒప్పుకున్నాడు. ఒకే ఒక ప్రశ్న అడిగాడట: ఇందులో పాస్‌వర్డు అడిగే పేజీ ఎక్కడ? మిగతా ముప్పై ఎనిమిది ఆసుపత్రులకూ ఉంది మరి.

నాకు ఒక్కటే వెలితి. కల్లూరులో తెల్లారేదాకా నిన్నే అని నాతో ఏకీభవించిన యంత్రం అదొక్కటే. పదిహేడు నిమిషాల తేడా ఉన్నా సర్దుకుపోయేవాణ్ణి. దాన్ని కూడా బాగుచేసేశారు.

ఆ శుక్రవారం నేను ఇంటికి వచ్చేసరికి ఇంకా మసక చీకటే. గోడ మీద క్యాలెండరు అప్పుడే పదహారు చూపిస్తోంది. గురువారం కాగితం చింపి మడిచి పొయ్యి దగ్గర పెట్టి ఉంది.

"ఎవరు చింపమన్నారు?" అని అడిగాను.

"నువ్వు దావూద్‌తో మాట్లాడతాంటే పాప వచ్చి చెప్పిపోయినాది. పన్నెండు దాటితే మారినట్టేనంట. నార్వేలో కూడా చూసినారంట," అంది ఉరుకుందమ్మ.

నేను ఆ కాగితాన్ని తీసి, మడతలు సరిచేసి, రెండు మెతుకులతో మళ్లీ అంటించాను. ఐదూ నలభై ఎనిమిదికి చింపాను.