నోరూరడం మాణిక్యాంబ వంతు

మాణిక్యాంబ శ్రమ విభజన పాఠం పూర్తిచేసి పుస్తకం మూసేసరికి తణుకులోని వాళ్ల వీధి ఒక ఇల్లు పొడుగవుతుంది. కొత్త ఇంట్లోంచి ఒకావిడ చీపురుతో బయటికొచ్చి, కుళాయి ఎన్నింటికి వస్తుందని అడుగుతుంది. ఆరింటికని చెప్పి మాణిక్యాంబ పాఠంలోని వాక్యం మళ్లీ చూసుకుంటుంది. పని ఎన్ని ముక్కలైతే బజారు అంత పెరగాలట. అచ్చులో ఉన్నాక జరగకేం చేస్తుంది?

నలభై ఎనిమిదో ఏట దూరవిద్యలో డిగ్రీ కట్టిన మనిషి ఆవిడ. చదివి ఊరుకోవడం చేతకాదు. ఏటా వీధి మొత్తానికీ ఆవకాయ ఆవిడే పెడుతుంది. ఈసారి మాత్రం కాయలు తుడవడం శేషారత్నానికి, ముక్కలు కొట్టడం మంగతాయారుకి, జీడి తీయడం కొత్త ఇంటావిడకి అప్పగిస్తుంది. సాయంత్రానికి జాడీలు రెట్టింపవుతాయి. వీధి ఇంకో మూడిళ్లు పెరుగుతుంది.

రుచి మరిగాక ఆగుతారా? రెండో రోజు ముక్కలు కొట్టడం కూడా రెండు పనులవుతుంది. కత్తి ఎత్తేది ఒకరు, దించేది ఒకరు. కారం కంట్లో పడితే అబ్బా అనడానికి ఒక ముసలావిడ, ఆ అబ్బాకి అయ్యో అనడానికి ఆవిడ తోడికోడలు. ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. పనిలో పడ్డాక రోజంతా పలకరించుకుంటున్నారు, చూడముచ్చటగా ఉంది.

తినడం మాత్రం పని కాదా అంటుంది శేషారత్నం. నిజమే. ముద్ద కలపడం ఒకరిది, నమలడం ఇంకొకరిది, మింగడం చివరి ఇంటావిడది. నోరూరడం మాణిక్యాంబ వంతు. ఆవిడ పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని నోరూరించుకుంటుంది. పనితనానికి వంక పెట్టడానికి లేదు గానీ ఊరిన నోట్లో ఒక్క ముక్కా పడదు.

మూడో రోజు పొద్దున్నే ఆవిడకి అసలు సంగతి గుర్తొస్తుంది. మూడో రోజు ఆవకాయని తిరగకలిపి ఉప్పు చూడాలి. తగ్గితే బూజు పడుతుంది, జాడీలన్నీ పెంటకుప్ప పాలే. రుచి చూడడమూ నాలుకకొకటి చొప్పున పంచేశారు కదా, ఉప్పు తెలిసిన నాలుకకి పులుపు తెలియదు, పులుపు నాలుకకి కారం తెలియదు. అన్నీ కలిస్తే ఎలా ఉందో వీధిలో ఒక్కరికీ తెలియదు. వేడన్నంలో ఒక్క ముద్ద తనే కలుపుకుని, తనే నమిలి, తనే మింగాలి. ఆవిడకి ఏడుపొచ్చినంత పనవుతుంది.

"అదెలా కుదురుద్దండి వదినగారూ," అంటుంది మంగతాయారు. "మీరే మింగేస్తే ఆ మింగే ఆవిడేం చేసుకు బతుకుద్ది?"

"ఆవిడకి ఇవాళ సెలవు. సెలవు కూడా ఒక పనేనని రాసుకో."

"పుస్తకంలో అలా ఉందాండి?"

"పుస్తకం రాసినాయన ఆవకాయ తినుండడమ్మా."

మంగతాయారు ఆలోచించి, అయితే మింగే ఆవిడ చేత ఒప్పించుకోమంటుంది. మాణిక్యాంబ కంచంలో అన్నం, ఆవకాయ పెట్టుకుని బయల్దేరుతుంది. వీధి కొబ్బరితోటలు దాటుతుంది, కాలువలు దాటుతుంది. ఒక ఇంట్లో జాడీ మూత మీద ఉఫ్ అని ఊదేవాళ్లు, పక్కింట్లో ఆ ఉఫ్ చాలిందో లేదో చూసేవాళ్లు. అందరూ నవ్వుతూ దారిస్తారు. అన్నం వేడి తగ్గదు. మధ్యాహ్నానికి సముద్రపు ఒడ్డున చివరి ఇల్లు వస్తుంది.

మింగే ఆవిడ బక్కపల్చటి మనిషి. సెలవు మాట వినగానే పీట వాల్చి, నిన్నటినుంచి ఏం మింగుతున్నానో తెలియక చస్తున్నానని చెప్పుకుంటుంది. మాణిక్యాంబ కూర్చుని ముద్ద కలుపుతుంది, నములుతుంది, మింగుతుంది. కళ్లమ్మట నీళ్లొస్తాయి. అబ్బా తనే అనుకుంటుంది, అయ్యో కూడా తనే అనుకుంటుంది. ప్రాణం లేచొచ్చినట్టుంటుంది.

"ఉప్పు తగ్గింది," అంటుంది.

ఆ మాట ఇంటింటికీ అందుతూ తణుకు దాకా వెళ్తుంది. ఎవరూ చిన్నబుచ్చుకోరు. అన్ని జాడీలకి సరిపడా ఉప్పు ఎవరింట్లో ఉందన్నదే ప్రశ్న.

పక్కనే ఉన్న సముద్రం కొంగు నడుముకి దోపుకుని లేస్తుంది. గడప దగ్గర ఆగి, ఆవకాయకి తడి తగలకూడదని దానికీ తెలుసు కాబట్టి, ఒళ్లంతా శుభ్రంగా తుడుచుకుంటుంది. పొడిపొడిగా లోపలికొచ్చి, ముందు ఏ జాడీ అని అడుగుతుంది. మాణిక్యాంబ గాజులు పైకి తోసుకుని ఉప్పు కోసం సముద్రంలో మోచేతి దాకా చెయ్యి పెడుతుంది.