గోడ మీది పేరు

"శనివారం ఛుట్టీయే కదా, ఆ పిల్లలకి నువ్వు పాఠం చెప్పేదేంటి? కాలేజీవాళ్లు నీకేమన్నా తన్‌ఖా ఇస్తున్నారా?" అన్నాడు కృపానందం, చేపల పులుసులో ముక్క వెతుక్కుంటూ.

జ్ఞానవతి భర్తకి ఇంకో ముక్క వేసి, అత్తగారికి వడ్డించి, గిన్నెలు తోమి, తడి చేతులు కొంగుకే తుడుచుకుని బతు బస్తీ మలుపులో బస్సెక్కింది. ముప్పై దాటాక ఫార్మసీ డిప్లొమాలో చేరిన మనిషి కాబట్టి ఆమె చదువంటే ఇంట్లో అందరికీ నవ్వులాట. చేరమన్నది మాత్రం భర్తే. ఓడలాగే హాడో వార్ఫులో తన గుమాస్తా ఉద్యోగం తను చేసుకుంటూ, తమ్ముడు జీవరాజు చేత మందుల షాపు పెట్టించాలని అతని ఆలోచన. లైసెన్సుకి ఫార్మసిస్టు సర్టిఫికెట్ కావాలి. తమ్ముడికి చదువు అబ్బలేదు. "నీ కాగజ్ గోడకి తగిలిస్తే బస్, చాలు. కౌంటర్లో వాడు కూర్చుంటాడు. నువ్వు హాయిగా ఇంట్లో ఉండొచ్చు," అన్నాడు ఫీజు కట్టిన రోజు. ఆ హాయి ఏపాటిదో ఆమెకు పెళ్లయినప్పటి నుంచీ తెలుసు. అయినా తలూపింది. ఏదో ఒక వంకతో గడప దాటితే చాలనుకుంది.

కాలేజీలో లెక్చరర్లు చాలరు. అందుకని శనివారాలు రెండో సంవత్సరం వాళ్లే మొదటి సంవత్సరం వాళ్లకి చెప్పాలని ఏర్పాటు. మొదట్లో ఆమె పుస్తకం చూసి గబగబా చదివేసేది. ఇంట్లో "ఉప్పు సరిపోయిందా", "నీళ్లు కాగాయి" తప్ప నోరు విప్పి మాట్లాడి ఎన్నాళ్లయిందో మరి. ఇప్పుడు నూనె మందు నూరే కల్వం ముందు పెట్టుకుని, "తడి ఉండకూడదు. మన వానలకి ఆరిందనుకున్నదీ ఆరదు, ఇంకోసారి తుడవండి. నూనెలో జిగురుపొడి కలిశాక నీళ్లు ఒక్కసారే పొయ్యండి. చిటపటమనేదాకా చెయ్యి ఆపొద్దు," అంటుంటే పిల్లలు ఆమె మొహం వంకే చూస్తారు. ఆ చప్పుడు కోసం అందరూ చెవులు రిక్కించినప్పుడు ఆమెకు ప్రాణం లేచొస్తుంది. తిరుగు బస్సెక్కేసరికి మళ్లీ ఎవరూ లేని మనిషైపోతుంది. పుట్టిల్లు ఈ దీవుల ఉత్తరాన మాయాబందర్‌లో, బస్సైనా ఓడైనా పగలంతా ప్రయాణం. ఇక్కడ ఇంటినిండా జనమే. అది తే, ఇది తే అనేవాళ్లే గానీ, నీకేం తెలుసో చెప్పు అని అడిగినవాళ్లు లేరు.

ఆ రోజు చట్టం పాఠం. "మందు ఇచ్చేటప్పుడు ఫార్మసిస్టు పక్కనుండి చూసుకోవాలి. పేరొకరిది, చెయ్యొకరిది అయితే రోగి ప్రాణం మీదికొస్తుంది," అంది జ్ఞానవతి.

ముందు బెంచీలో సీతాలు, చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్ల, చెయ్యెత్తింది. "దీదీ, మరి నువ్వు ఏ షాపుల కూకుంటావు? నానక్కడికే ట్రైనింగుకొస్తాను. నువ్వు చెప్తేనే నా బుర్రకెక్కుతాది."

జ్ఞానవతి సుద్దముక్క కింద పెట్టేసింది. చెయ్యకూడదని ఇప్పుడే చెప్పిన పనికి తను ఎప్పుడో తలూపి కూర్చుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "చూద్దాంలే" అని పాఠం ముగించేసింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఇన్నేళ్లలో నీ దగ్గరికే వస్తానని ఒక మనిషి అనడం ఇదే మొదలు, ఆ మనిషిని రమ్మనడానికి తనకంటూ చోటు లేదు.

ఇంటికొచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ షాపు మాటల్లోనే ఉన్నారు. "వదినా, బోర్డు మీద అమ్మ పేరు రాయిద్దామా, నా పేరా?" అన్నాడు జీవరాజు.

"ఏ పేరైనా సరే. కౌంటర్లో కుర్చీ మాత్రం నాది. నేను లేని గోడకి నా కాగితం ఉండదు," అంది జ్ఞానవతి.

అత్తగారు ప్రార్థన ఆపి బైబిలు మూసింది. కృపానందం భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "మరి ఇంట్లో పనంతా ఎవరు చేస్తారు? మాకెవరికి వచ్చు?"

"నేర్పిస్తాను. శనివారం మాత్రం కుదరదు."