దుప్పటి దొర వాళ్ళమ్మ

అబిడ్స్ పేవ్‌మెంటు మీద ఆదివారం పూట పరిచే ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లో నేను అక్షరం వదలకుండా చదవనిది ఒక్కటంటే ఒక్కటి లేదు, ఆ గాల్లో ఎగిరే వెధవల గుట్టు నాకు తెలిసినట్టు ఈ హైదరాబాదు మొత్తంలో ఇంకెవడికీ తెలియదు, అందుకే వాళ్ళంటే నాకింత మంట, ఒళ్ళంతా అతుక్కుపోయిన బట్ట, భుజాల మీద దుప్పటి, ఈ ఎండలో దుప్పటేమిట్రా నీకు, చలిజ్వరమా, చెమట పట్టదు, ఆకలి వెయ్యదు, సాయంత్రం ఆరింటికి కోఠిలో బస్సెక్కి చూడమనండి ఒక్కసారి, ఆ దుప్పటి తలుపులో ఇరుక్కుని గౌలిగూడ దాకా ఈడ్చుకుపోతుంది, అప్పుడు తెలుస్తుంది వీరత్వమంటే ఏమిటో, ఒకడు మేడలు కూలగొడతాడు, ఇంకొకడు వంతెన విరిచి గద లాగా తిప్పుతాడు, పని కాగానే నవ్వుతూ ఎగిరిపోతాడు, ఆ రాళ్ళూ రప్పలూ ఎత్తేదెవరు, ఆ వీధి ఊడ్చేదెవరు, ఒక్క బొమ్మలోనైనా చీపురు పట్టుకున్న మనిషి ఉందా, లేదు, ఇదే మాట ఈ పొద్దున గట్టయ్యని అడిగాను, అక్కడ పాత పుస్తకాలు పరిచి కూర్చుంటాడు, ఏమయ్యా, మీ దొరల్లో ఒక్కడైనా ముసలివాడయ్యాడా అని, ఎందుకైతరు పెద్దాయనా, ఆల్లకు పింఛనిచ్చేదెవరు అని పళ్ళికిలించి, మీ దోస్తు కబురు పంపిండు, దుప్పటి దొరది కొత్తదొచ్చింది, తీస్కపోండ్రి అంటూ పుస్తకం నా చేతిలో పెట్టాడు.

దోస్తంటే జనార్దన్, నాంపల్లి స్టేషను వెనక సందులో ఉంటాడు, ఒకప్పుడు బట్టల వ్యాపారం, చాదర్‌ఘాట్ బళ్ళో దొరసాని దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాడు, నాలుగేళ్ళ కింద రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి, బొమ్మల పుస్తకాలంటే ప్రాణం, చదవలేడు, జర సదువన్నా, నీకు కండ్లున్నయ్, నాకు సెవులున్నయ్ అని నా ఒళ్ళో ఒకటి పడేశాడు, సరే, చదివాను, దాచడమెందుకు, ఇందాక అక్షరం వదలకుండా అన్నానే, పట్టుకుంటేగా వదలడానికి, నాకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు, మా ఊరి వీధిబళ్ళో అయిదో తరగతి తెలుగు, యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసు బల్లలతో పాటు లారీలో వచ్చి దిగిన బంట్రోతుని, ఆ బల్లలకి నాలుగేసి కాళ్ళు, నాకు రెండు, మా ఇద్దరికీ అంతే తేడా, బొమ్మ చూసి కథ చెప్పాను, అది తెల్లవాడు రాసినదానికన్నా బాగుందని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను, ఎందుకంటే ఆ పుస్తకంలో మూల ఎక్కడో ఒక తలనెరిసిన ఆడమనిషి బొమ్మ కనబడింది, ఇదుగో ఈవిడే దుప్పటి దొర వాళ్ళమ్మ అనేశాను, ఆ పేరూ నేను పెట్టిందే, ఆవిడ ప్రతి పుస్తకంలోనూ రైలుస్టేషను బెంచీ మీద కూర్చుని ఉంటుంది, ఒళ్ళో రేకు డబ్బా, డబ్బాలో సున్నుండలు, తెల్లోల్లు గూడ సున్నుండలు తింటరా అన్నాడు జనార్దన్ ఒకసారి, అచ్చులో ఉందయ్యా, కావాలంటే నువ్వే చూడు అన్నాను, చూడలేడుగా, కొడుకు లోకమంతా కాపాడుతూ తిరుగుతాడు, అమ్మ డబ్బా మూత మీద చెయ్యేసి దారి చూస్తుంది, అయిపోయింది, ఇంక రాడు అనుకునేలోగా దిగుతాడు ప్లాట్‌ఫారం మీద, అచ్చిండు సూడు కొడుకు, అని జనార్దన్ తొడ చరిచేవాడు, వారం వారం, నాలుగేళ్ళు.

మొన్న దవాఖానలో ఒక కంటి పొర తీసేశారు, సీసా అడుగంత మందం అద్దాలిచ్చారు, ఇంకో పదిహేను రోజులు తల మీద నీళ్ళు పడకూడదన్నారు, ఇవాళ తనే చదువుకుంటాడట, గన్‌ఫౌండ్రీ మీదుగా చుట్టు తిరిగి నడిచాను, ఎంత చుట్టు తిరిగినా నాంపల్లి వచ్చి తీరుతుంది, పుస్తకం ఇచ్చి అరుగు మీద కూర్చున్నాను దొంగలాగా, ఆయన ముక్కుకి ఆనించుకుని ఒక్కో పేజీ తిప్పుతున్నాడు, పెదాలు కదుపుతున్నాడు, ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకి, అద్దాలు తీసి పంచెతో తుడిచాడు, అమరన్నా, అమ్మ ఏదీ, అన్నాడు, నేను సందులో పోయే రిక్షాని చూశాను, అమ్మ లేదేంది గీండ్ల, ఠేషనే లేదు, డబ్బా లేదు, గీ దుప్పటోడు ఒక్కడే ఎగురుతున్నడు పిచ్చోని లెక్క, తల్లి ఊసే ఎత్తడు, పోయిందా, అన్నాడు, చిన్నగా, నేను తల దించుకున్నాను, దాన్ని ఆయన ఔనని అర్థం చేసుకున్నాడు, సంపిన్రు, ఏ పుస్తకంల సంపిన్రో మనకు దొర్కనే లేదు, గా కొడుకుకు కండ్లల్ల నీల్లు గూడ రాలే, థూ, అని పుస్తకం విసిరేసి లేచాడు, వాకిట్లో కుళాయి దగ్గరకి పోయి చొక్కా విప్పాడు, కోడలు విమల వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, మామా, తలకు నీల్లు వద్దన్నడు గదా డాక్టరు, అంటే, సావు కబురిన్నంక తలకు పోస్కోవాల్నా వద్దా, పేపర్ల మనిషైతే ఏంది, నాల్గేండ్లసంది మనింటికొచ్చిపోయింది, అని చెంబు నింపుతున్నాడు, బాబాయ్‌గారూ, మీరన్న జెప్పుండ్రి, ఉన్న ఒక్క కన్నూ పోతది, అంటోంది విమల, నా వైపే చూస్తూ.

చెప్పాలి, చెంబు నిండేలోగా చెప్పాలి, చెప్పకపోతే కన్ను పోతుంది, చెబితే మనిషి పోతాడు నాకు, నాలుగేళ్ళ ఆదివారాలు పోతాయి, ఆ దుప్పటివాడైతే ఎగిరొచ్చి ఆఖరి బొమ్మలో చెంబు పట్టుకునేవాడు, వాడి దుంపతెగ, నాకు మంటెత్తేది వాడు ఎగరడం కాదు, ఎగరనీ, కాకీ ఎగురుతుంది, వాడు ఎప్పుడూ వేళకి వస్తాడే, అది, ఒక్కసారి, ఒక్క పుస్తకంలో, ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చి చూడమను, ఆ ముఖం ఎలా ఉంటుందో గీసి చూపించమను, యాభై ఎనిమిదిలోనే తెలిసింది నాకు ఆ ముఖం, ఆదివారం పొద్దుట ఆట, అబిడ్స్‌లో సినిమా హాలు, ఇంగ్లీషు బొమ్మ, అసలు బొమ్మకి ముందు వేసే గీతల బొమ్మల రీలు, అందులో రంగుల దుప్పటి కట్టుకుని ఒకడు ఎగురుతున్నాడు, పదకొండింటికి నాంపల్లికి బండొస్తుంది, ఎదురెళ్ళాలి, స్టేషను ఎంత దూరం కనక, ఈ ఒక్క రీలూ చూసి లేద్దామనుకున్నాను, లోయలో పడినవాణ్ణి పట్టుకున్నాడు, రైలుకి అడ్డం నిలబడ్డాడు, హాలంతా ఈలలు, నేనూ వేశాను, ఆ తరవాత అసలు బొమ్మ మొదలైంది, అదీ చూశాను, సిగ్గు లేకుండా, బయటికొచ్చి మిట్టమధ్యాహ్నం పరిగెత్తాను, బెంచీ ఖాళీగా ఉంది, చెంబు నిండిపోయింది, నీళ్ళు పొర్లుతున్నాయి.

ఆగవయ్యా, అని అరిచాను, అమ్మ చావలేదు, ఆ పుస్తకంలో ఆవిడ లేదు, ఎప్పుడూ లేదు, నాకు ఇంగ్లీషు రాదు, చెంబు గాల్లో ఆగింది, రాదా, అన్నాడు, రాదన్నాను, ఒక్క ముక్కా, అన్నాడు, ఒక్క ముక్కా రాదన్నాను, మరి నాల్గేండ్లు ఏం సదివినవ్‌రా బేవకూఫ్, అన్నాడు, పద్దెనిమిదేళ్ళ స్నేహంలో మొదటిసారి అన్నా అనే పిలుపు పోయి రా అనడం వచ్చింది, చాదర్‌ఘాట్‌ల ఇంగ్లీష్ సదివినోన్ని, నన్ను గాడిదను జేసినవ్, నువ్వు ఆ దుప్పటోనికంటె లుచ్చావు, ఇగ నా గడప తొక్కకు, అన్నాడు, నిజమే, తొక్కకూడదు, లేచి చెప్పులేసుకుంటున్నాను, అమరన్నా, అని వినబడింది వెనక నించి, గొంతు మారింది, గామె ఎవరు మరి, బొమ్మ జూసి అన్ని సంగతులెట్ల జెప్తవ్, మా అమ్మ, అన్నాను, ఠేషను, అన్నాడు, ఇదే, నీ ఇంటి వెనకదే, అన్నాను, డబ్బా, నిజం, సున్నుండలు, నిజం, ఉన్నదా ఇప్పుడు, లేదు, మరుసటేడు పోయింది, మళ్ళీ ఈ ఊరు రాలేదు, ఆయన చెంబు వంక చూశాడు, నా వంక చూశాడు, వంగి ఆ నీళ్ళు మెల్లగా తన కాళ్ళ మీద పోసుకున్నాడు, తల తడవకుండా, విమల తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది, అన్నీ నిజమైతే మరి నువ్వు కల్పించిందేందే, అన్నాడు జనార్దన్.

ఏం కల్పించాను, బెంచీ ఉంది, డబ్బా ఉంది, డబ్బాని ఆ రోజు పోర్టరు పేరడిగి తెచ్చి నా చేతిలో పెట్టాడు, మీ అమ్మ ఇంతసేపు జూసి ఇప్పుడే వచ్చిన బండిల వాపస్ పోయింది, కొడుక్కు ఆఫీసుల పెద్ద పనిబడ్డదంట, లేకుంటే వస్తుండె అన్నది, అని చెప్పాడు, నా తరఫున అబద్ధం కూడా ఆవిడే చెప్పి పోయింది, ఇన్నాళ్ళూ ఆ దుప్పటి వెధవకి అమ్మని నేనిచ్చాననుకున్నాను, కాదు, వాడి దగ్గరే నేనొకటి ఎత్తుకొచ్చాను, తిడుతూ తిడుతూనే, వారం వారం, జనార్దన్ తొడ చరిచినప్పుడల్లా, కొడుకు వేళకి వచ్చాడన్నానే, అదొక్కటే నేను కల్పించింది.