నీళ్ళబండికి పట్టిన మురికి

ఆ వీధి పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు తడిగుడ్డత్త. మొహం మీద అనేవాళ్ళు కాదు లెండి, అంత గుండె ధైర్యం ఎవరికుంది? తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళని మనం బోలెడుమందిని చూశాం గానీ, ఈవిడ ఆ రకం కాదు. కోపమొస్తే ఎదురుగా నిలబెట్టి కడిగేసే రకం. ఆవిడ తడిగుడ్డ నిజంగా తడిగుడ్డే. పొద్దున లేచింది మొదలు భుజం మీద అది లేకుండా ఆవిడ కనబడదు. కిటికీ ఊచలు, స్విచ్చుల చుట్టూ వేలిముద్రలు, ఫ్యాను రెక్కల అంచులు, గొళ్ళెం కింద జిడ్డు... మురికి ఎక్కడ పుడుతుందో, ఎటు జారుతుందో, ఏ మూల చేరి కూర్చుంటుందో ఆవిడకి తెలిసినట్టు ఇంకొకళ్ళకి తెలియదు. "మా ఇంట్లో నేల మీద పడ్డ మెతుకు ఏరుకుని తినొచ్చు" అని ఆవిడ గొప్ప. నిజమే మరి, కాదనేదెవరు?

అలాంటి ఇంటికి కోడలొచ్చింది, కాగితాలూ కత్తెరలూ వెంటబెట్టుకుని.

ఆ అమ్మాయి ఉద్యోగం అట్టపెట్టెల కంపెనీలో. మందుల డబ్బా, చెప్పుల డబ్బా, బల్బు డబ్బా, ఏదైనా సరే, విప్పి పరిస్తే ఎలా ఉంటుందో ముందుగా గీసి ఇచ్చేది ఈ అమ్మాయే. ఇంటికొచ్చాక కూడా అదే పని. కాకపోతే ఇంట్లో చేసేవి డబ్బాలు కాదు, బళ్ళు. అవైనా మనం ఎక్కి తిరిగే బళ్ళా? కాదు. ఎక్కడో చుక్కల అవతల నీళ్ళు దొరకని గ్రహం మీద, ఇసుకలో తిరిగే బళ్ళు. ఆదివారం ఆదివారం ఒక క్లబ్బులో నలుగురూ చేరి, పెద్ద బల్ల మీద ఆ గ్రహాన్ని పరిచి ఆట ఆడతారు. పాచికలు వేస్తారు, టేపు పెట్టి కొలుస్తారు, బళ్ళు జరుపుతారు. మిగతావాళ్ళు ప్లాస్టిక్ బళ్ళు కొనుక్కుంటే ఈ అమ్మాయి మాత్రం కంప్యూటర్లో బండి గీసి, దాన్ని అట్టపెట్టెలాగే విప్పి పరిచి, ఆ పరిచినదాని మీద తలుపులూ మేకులూ తుప్పూ అన్నీ బొమ్మ వేసి, దళసరి కాగితం మీద ప్రింటు తీసి, కత్తిరించి, మడిచి, అతికించి నిలబెడుతుంది.

"ఇంత వయసొచ్చి ఈ బొమ్మలాటేంటమ్మాయ్?" అని మొదట్లో అత్తగారు మూతి తిప్పింది. తిప్పిన మూతితోనే ఒకరోజు పక్కన కూర్చుని చూసింది. కోడలు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో మడత గీతల మీద నొక్కి గీసింది. స్కేలు ఆనించి వంచితే కాగితం చెప్పినమాట విన్నట్టు వంగింది. కత్తిరించిన చోట తెల్లటి అంచు కనబడకూడదని ప్రతి అంచుకీ గోధుమరంగు స్కెచ్‌పెన్ను పూసింది. ఒక్క జిగురు చుక్క బయటికి పొంగలేదు. లేచేటప్పటికి బల్ల మీద ఒక్క కాగితం తునక లేదు. 'చెయ్యి మంచిది' అనుకుంది అత్తగారు. పైకి మాత్రం అనలేదు. అంటే నెత్తికెక్కి కూర్చుంటుందని భయం.

ఒక ఆదివారం కోడలు క్లబ్బు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, ఉలుకూ పలుకూ లేకుండా గదిలోకి వెళ్ళిపోయింది. సంగతేమిటని అత్తగారు కొడుకుని నిలదీసింది. అతను అటు తల్లికీ ఇటు పెళ్ళానికీ చెడకుండా బతుకుతున్న మనిషి, గొంతు తగ్గించి చెప్పాడు.

"క్లబ్బులో టేపు మాస్టారని ఒకాయన ఉన్నాడమ్మా. మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు వేలాడేసుకుని తిరుగుతాడు. ఆటకి పెద్ద ఆయనే. ఏడాదికోసారి ఆడే పెద్ద ఆట వస్తోంది. బల్ల నడిమధ్య ఒక నీళ్ళబండి పెడతారు, అందరూ దాని కోసమే కొట్టుకోవాలి. ఆ బండి తను చేస్తానంది. నమూనా పట్టుకెళ్ళింది."

"ఊఁ, అయితే?"

"కొలత బాగుంది, మడత బాగుంది, కానీ బిస్కెట్ డబ్బాకి చక్రాలు పెట్టినట్టుంది అన్నాట్ట. అందరూ నవ్వార్ట."

అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. "నా కోడల్ని అంటే నేననాలి గానీ, మధ్యలో ఈ టేపాయనెవడు?" అంటూ తడిగుడ్డ భుజం మీద విసురుగా వేసుకుని గదిలోకి వెళ్ళింది.

కోడలు ఆ బండిని ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. "ఆయనన్నది నిజమే అత్తయ్యా. నాకు డబ్బాలు చెయ్యడమే వచ్చినట్టుంది. ఇంకొక్కసారి తెమ్మన్నారు. ఈసారీ కాదన్నారంటే కత్తెర తీసి లోపల పడేస్తాను. మళ్ళీ బళ్ళ జోలికి పోను."

పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ గొంతు అలా పడిపోగా అత్తగారు ఎప్పుడూ వినలేదు. ఓదార్పు మాటలు ఆవిడకి రావు. అందుకని బండిని చేతిలోకి తీసుకుని నాలుగువైపులా తిప్పి చూసింది.

"డబ్బా అని ఎందుకన్నాడో చెప్పనా? దీన్ని ఎవరూ వాడలేదు."

"తుప్పు వేశానుగా అత్తయ్యా, దుమ్ము కూడా వేశాను."

"వేశావు, ఒళ్ళంతా ఒకేలా చల్లావు. మురికి అలా పడుతుందా ఎక్కడైనా? నీళ్ళబండంటున్నావు, కుళాయి కింద చారలేవి? మనిషి ఎక్కి దిగే మెట్టు అరగొద్దూ? తలుపు పిడి చుట్టూ చెయ్యి తగిలి తగిలి జిడ్డు నల్లబడొద్దూ? పైన దుమ్ము, కింద బురద, మూలల్లో రెండూ కలిసి గట్టిపడిపోయి... గోరు పెట్టి గీకినా రాకూడదు!" ఆవిడ గొంతులో శత్రువుని తలుచుకుంటున్న పట్టుదల పలికింది.

కోడలు నోరు తెరుచుకుని వింది. తర్వాత ఫోను తీసింది. "నిజం మురికి ఫోటోలు తియ్యాలి అత్తయ్యా. వాటిని చూసి వేస్తాను. మనింట్లో ఎక్కడైనా..."

"మనింట్లోనా?" అత్తగారు కళ్ళెర్రజేసింది.

అయినా వెతికారు. పొయ్యి వెనకాల, మంచాల కింద, పంపు మూలల్లో. పాపం, ఒక్క మరక దొరికితే ఒట్టు. తన ఇంట్లో తన తడిగుడ్డ చేసిన పనికి జీవితంలో మొదటిసారి అత్తగారు కాస్త నొచ్చుకుంది.

ఇక వీధిన పడ్డారు ఇద్దరూ. అత్తగారు ముందు, ఫోను పట్టుకుని కోడలు వెనక. "అదిగో, ఆ గేటు బందుల కింద చూడు, తుప్పు నీళ్ళు ఎలా జారాయో. పైన సన్నం, కిందికొచ్చేకొద్దీ వెడల్పు. తియ్యి. ఆ షట్టరు చూడు, చెయ్యి పట్టే చోట మెరుస్తోంది, మిగతాదంతా మసి. తియ్యి. ఆ లారీ చక్రం మీద రేకు... దగ్గరికెళ్ళు, అదేం కరవదు." ఎన్నో ఏళ్ళుగా ఎవరెవరి ఇళ్ళ ముందు ఏమేం చూసి ముక్కు చిట్లించుకుందో అవన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.

పక్కింటావిడ గుమ్మంలోకొచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. "మా గేటుకి ఫోటోలెందుకండీ?"

"మీ తుప్పు చాలా బాగుందండీ" అంది అత్తగారు మనస్ఫూర్తిగా. పక్కింటావిడ ఆ తర్వాత కొన్నాళ్ళు మాట్లాడలేదు.

అక్కడి నుంచి మొదలైంది అసలు పని. కోడలు ఆఫీసు నుంచి వచ్చి కూర్చుని వేస్తుంది, ప్రింటు తీస్తుంది, అత్తగారి చేతికిస్తుంది. అత్తగారు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూస్తుంది. "ఇది మురికి కాదమ్మాయ్, రంగు" అని తిరిగిచ్చేస్తుంది. మళ్ళీ వేస్తుంది. "చార వంకరగా పోయింది, నీళ్ళు కిందికి కదా జారతాయి?" అలా ఎందుకయిందంటే, పరిచిన కాగితం మీద నిలువుగా గీసిన చార, మడిచి నిలబెట్టేసరికి పక్కకి తిరిగింది. కోడలు నాలిక కరుచుకుని ఒక్కో ముక్కనీ, అది మడిచాక ఎటు నిలబడుతుందో చూసుకుని, మొదటి నుంచీ వేసుకొచ్చింది. "ఇప్పుడు కాస్త నయం. అయినా రంగే" అంది అత్తగారు.

"అమ్మా, బాగానే ఉందిగా" అని కొడుకు ఒకసారి నోరు జారాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే అతనివైపు తిరిగి చూశారు. అతను మళ్ళీ ఆ గదిలోకి రాలేదు.

పెద్ద ఆటకి ముందురోజు కోడలు తలుపేసుకుని బండి మొత్తం అతికించింది. పైన చేత్తో దుమ్ము రంగు పూసి, తలుపు మీది తెల్లటి నంబరుని కూడా కప్పేసింది. ఈ చివరి రంగులు అత్తగారికి చూపించలేదు. "రేపు పూర్తయ్యాక చూద్దురు గానీ" అంది. పైన వార్నిష్ కొట్టడం ఒక్కటే మిగిలింది. అది పొద్దున్నే ఆరుబయట కొట్టాలి. అంతవరకూ నీటిచుక్క తగలకూడదు. జిగురు ఆరడానికని బండిని హాల్లో కిటికీ పక్క బల్ల మీద పెట్టి పడుకుంది.

పొద్దున్నే అత్తగారు లేచింది. మనసంతా ఆ టేపు మాస్టారి మీదే ఉంది. ఈసారి కూడా ఏదన్నా వంక పెడతాడేమో, పెడితే ఏమని కడగాలో మాటలు కూర్చుకుంటూ కిటికీ తుడిచింది, కుర్చీ తుడిచింది, బల్ల తుడిచింది. బల్ల మీద ఏదో మట్టిగొట్టుకుపోయి ఉంది. 'ఛీ, ఎక్కణ్ణుంచి తెచ్చిపెట్టారిది' అని విసుక్కుని, ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో బరబరా ఒక్క తుడుపు తుడిచింది.

గుడ్డకి గోధుమరంగు అంటింది. చేతిలో ఉన్నది నీళ్ళబండి.

ఆవిడ బండిని గబగబా కిటికీ వెలుగులోకి తిప్పింది. తలుపు మీదుగా ఒక బెత్తెడు మేర దుమ్మంతా పోయి, కింద తెల్లటి నంబరు బయటపడింది. చుట్టూ ప్రింటు రంగు కూడా అలికినట్టయింది. ఆ పక్కంతా ఒకటే కాగితం. మార్చాలంటే బండి మొత్తం ఊడదియ్యాలి. దానికి టైమెక్కడిది?

"అత్తయ్యా..." కోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

"నా చేతులు పడిపోనూ" అంది అత్తగారు. ఎంత నోరున్న మనిషి, నిలువునా నీరైపోయింది. "నీ కష్టమంతా బూడిదపాలు చేశానమ్మాయ్. తిట్టు నన్ను. ఏం అంటావో అను."

కోడలు తిట్టలేదు. దగ్గరికొచ్చి, బండిని చూసి, గుడ్డని చూసి, అత్తగారి మొహంలోకి చూసింది. "ఎందుకు తుడిచారు?"

"ఇంకెందుకు? మురికిగా ఉందని!"

"మురికా? రంగా?"

అత్తగారు జవాబు చెప్పబోయి ఆగిపోయింది. అప్పటికి గానీ ఆవిడకి ఎక్కలేదు. "మురికే" అంది మెల్లగా. "దొంగమొహమా, అచ్చం మురికే!"

కోడలు పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తడిగుడ్డతో సహా అత్తగారి చేతులు రెండూ పట్టేసుకుంది. "ఇంక టేపు మాస్టారు ఏమన్నా నాకు ఫర్వాలేదత్తయ్యా. మీరు తుడిచారు, అది చాలు." అలికిన చోటు అలికినట్టే ఉంచి, పెరట్లోకి తీసుకెళ్ళి వార్నిష్ కొట్టేసింది.

"నేనూ వస్తాను" అంది అత్తగారు. "తప్పు నాది. ఏమన్నా అంటే నన్ననమను."

క్లబ్బు హాల్లో బల్లలన్నీ కలిపి ఇసుకరంగు గుడ్డ పరిచారు. దాని మీద ప్లాస్టిక్ బళ్ళు తళతళలాడుతున్నాయి. కోడలు డబ్బాలోంచి నీళ్ళబండి తీసి అంచున పెట్టింది. టేపు మాస్టారు వంగాడు. టేపుతో పొడవు కొలిచాడు, ఎత్తు కొలిచాడు. కుళాయి కింద తుప్పు చారల దగ్గర కళ్ళు పెట్టాడు. వేలితో మెట్టు మీద తాకి, ఆ వేలిని వెలుగులో పెట్టి చూసుకున్నాడు. వేలికేమీ అంటలేదు.

"ఇదేంటి?" అన్నాడు తలుపు చూపించి.

కోడలు చెయ్యి అత్తగారి చేతిలో బిగుసుకుంది.

"దుమ్ములో నంబరు కనబడక, బండిలో మనిషి ఎవరో చేత్తో తుడిచారు కదూ? చుట్టూ ఆ అలుకుడు కూడా ఉంది." ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూశాడు. "ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదమ్మా ఇది. మురికి అందరూ వేస్తారు. మురికిని తుడిచిన చెయ్యి ఎవరూ వెయ్యలేదు. ఎవరిదీ ఆలోచన?"

"మా అత్తయ్యది" అంది కోడలు చటుక్కున.

అందరూ అత్తగారివైపు తిరిగారు. ఊరికే వచ్చే మెప్పు పుచ్చుకోవడం ఆవిడ వల్ల కాదు. ఒక అడుగు ముందుకేసింది. "ఆలోచనా లేదు, గీలోచనా లేదు బాబూ. నేనే తుడిచాను, ఇవాళ పొద్దున, తడిగుడ్డతో. నిజం మురికనుకున్నాను. జన్మంతా మురికితో కుస్తీ పట్టినదాన్ని, నన్నే బోల్తా కొట్టించింది నా కోడలు. ఇంక మీరు డబ్బా అంటారో, బండి అంటారో మీ ఇష్టం!"

టేపు మాస్టారు మెళ్ళో టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. నీళ్ళబండిని రెండు చేతులతో ఎత్తి, ప్లాస్టిక్ బళ్ళన్నిటినీ దాటించి, బల్ల నడిమధ్య పెట్టాడు. చప్పట్లు మోగాయి. అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కోడల్ని పొగడకూడదన్న నియమం ఆ హాల్లోనే గాలికి పోయింది.

ఇప్పుడు ఆ బండి వాళ్ళ హాల్లో అలమారు పైన ఉంది. కోడలు ఇంకో బండి మొదలుపెట్టింది. మొన్న పక్కింటావిడ అలక తీరి కాఫీకి వచ్చింది. కాఫీ తాగుతూ పైకి చూసి, సంబరం ఆపుకోలేక అనేసింది. "అయ్యయ్యో, మీ ఇంట్లో కూడా దుమ్మేనా అండీ!"

"అది దుమ్ము కాదండీ" అంది అత్తగారు తలెత్తి. "మా కోడలి చేతిపని."

అందులో కొంత నిజం దుమ్మే. అలమారంతా రోజూ తుడిచే తడిగుడ్డ, ఆ బండి దగ్గరికొచ్చేసరికి చుట్టూ తిరిగి వెళ్ళిపోతుంది.